ఎం.వి.పి. కాలనీలోని వ్యాయామ పరీక్షా కేంద్రం: నాలుగు నెలల అనుభవం

నాకు 57 ఏళ్లు. పదేళ్లుగా విశాఖ ఆర్కే బీచ్‌లో రోజూ గంటసేపు నడుస్తున్నాను కాబట్టి వ్యాయామానికి లోటు లేదనుకున్నాను. అయితే నిరుడు తీయించిన డెక్సా స్కాన్‌లో (ఎముకల సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష) నడుము ఎముకల టీ స్కోరు, అంటే ఆరోగ్యవంతులైన యువతుల ఎముకలతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 1.9 అనీ, రక్త పరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు, 6.1 శాతం అనీ వచ్చాయి. ఎముకలు గుల్లబారడానికీ, షుగరుకూ కూడా గుమ్మం దాకా వచ్చేశానన్నమాట. డాక్టరుగారి సలహాతో ఈ కేంద్రంలో చేరాను.

మొదటి రోజు ముఖానికి మాస్కు బిగించి, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ, శరీరం ప్రాణవాయువును ఎంతవరకు వాడుకోగలదో కొలిచారు. మూడు నిమిషాలకోసారి వేగమూ, ఎత్తూ పెరుగుతాయి. ఎనిమిదో నిమిషంలో ఇక చాలని చేయి ఎత్తాను. అంతసేపూ డాక్టరుగారు ఈసీజీ తెర ముందునుంచి కదలలేదు. గుండె గరిష్ఠ వేగాన్ని అంచనా వేయడానికి 220లోంచి వయసు తీసేసే లెక్కను పక్కనపెట్టి, నా గుండె ఆ పరీక్షలో నిజంగా చేరుకున్న వేగాన్ని బట్టే నడక తీవ్రతను నిర్ణయించడం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే ఆ లెక్క సగటు మాత్రమే, ఒకే వయసువారిలోనూ చాలా తేడా ఉంటుంది.

అసలు మేలు బరువుల గదిలో జరిగింది. నడక గుండెకు మంచిదే కానీ, అలవాటైన బరువుకు ఎముక కొత్తగా స్పందించదని అక్కడే తెలిసింది. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో బెలిండా బెక్ బృందం, నెలసరి ఆగి ఎముకల సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలపై పరిశోధన చేసింది. శిక్షకుల పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలపాటు పెద్ద బరువులెత్తినవారికి నడుము వెన్నులో సాంద్రత 2.9 శాతం పెరగగా, ఇంట్లో తేలికపాటి వ్యాయామాలు చేసినవారికి 1.2 శాతం తగ్గింది. ఇక్కడి పద్ధతికి ఆధారం అదే.

డెడ్‌లిఫ్ట్ అంటే, అదే నేల మీది బరువును వంగి పట్టుకుని నిలబడుతూ ఎత్తడమంటే, మొదట భయపడ్డాను. శిక్షకురాలు నా వీపున వెదురు కర్ర ఆనించి, "అమ్మా, నిండు బిందె ఎత్తుతున్నారనుకోండి, కర్ర వీపును వదలకూడదు" అన్నారు. రెండు వారాలు వట్టి కడ్డీతోనే చేయించి, ఆ తర్వాతే బరువు వేశారు. ఇప్పుడు 30 కిలోలు ఎత్తుతున్నాను.

కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ కోసం ఆగకుండానే రక్తంలోని గ్లూకోజును తీసుకుంటుందని వివరించి, ఉదయపు నడకలో పావుగంటను రాత్రి భోజనం తర్వాతకు మార్చమన్నారు. నాలుగో నెలలో హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది.

ఒక్క విషయంలో మాత్రం నొచ్చుకున్నాను. మూడో నెల నిండగానే డెక్సా మళ్లీ తీయించుకోమని రిసెప్షన్‌లో పట్టుబట్టారు. పాత ఎముక కరిగి కొత్తది గట్టిపడడానికే నెలలు పడుతుంది. అంత తక్కువ కాలంలో వచ్చే మార్పు యంత్రం కొలతలోని తేడాకన్నా చిన్నది. డబ్బు పెట్టి తెలుసుకునేదేమీ ఉండదు. శిక్షకురాలిని అడిగితే ఏడాది ఆగమనే చెప్పారు. ఆ మాట రిసెప్షన్ వారికీ తెలియాలి. నివేదిక మొత్తం ఇంగ్లీషులోనే ఇవ్వడం మరో లోపం. నా తోటివారిలో చాలామంది దాన్ని పిల్లలతో చదివించుకుంటున్నారు.

వచ్చే ఏడాది అదే యంత్రం మీద డెక్సా తీయించుకుంటాను. అంతవరకూ మంగళ, శుక్రవారాలు ఇక్కడికే వస్తాను.