చల్లటి ఇంజన్ కోసం రెండు రాత్రులు: హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల

మాది నర్సంపేట పక్క పల్లె. పోయిన సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి తోలిన కిరాయి చిట్టీలన్నీ ఒకరోజు మా ఇంటామె ముందటేసుకొని కూడింది. కూడి, ఒక్క మాట అనకుండ మళ్ల డబ్బాలో పెట్టింది. తెల్లారి బావకు ఫోన్ చేసిన.

బావ వరంగల్‌లో ఇరవై ఏండ్ల నుంచి డీజిల్ మెకానిక్. సెకండ్ హ్యాండ్ బండి కొంటనంటే ముందు నవ్విండు, తర్వాత షరతు పెట్టిండు. "వస్తగని, ఏ బండైనా పొద్దుగాల ఓనర్ సెల్ఫ్ కొట్టకముందే మనం ఆడ ఉండాలె. దానికోసం ఊరు పోయి పండాల్సొస్తే పండాలె. లాడ్జి పైసలు నీయి." రాత్రంతా చల్లారిన ఇంజన్ అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. పంపు నీరసపడ్డా, కంప్రెషన్ తగ్గినా చల్లగున్నప్పుడే బయటపడుతది. ఒక్కసారి వేడెక్కిందంటే ముసలి బండి కూడ పెండ్లికొడుకు లెక్క తయారైతది.

ఏ బండి కొనాలన్నది ముందే తేల్చుకున్నం. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి మా దిక్కు చిన్న బండి అంటే ఛోటా హాథీయే. గల్లీల్లో తిరగనీకి దాన్ని మించింది లేదు. కాని రెండు సిలిండర్ల ఇంజన్, ముప్పావు టన్ను లోడు. నలభై కిలోల మిర్చి బస్తాలు పద్దెనిమిది ఎక్కితే అయిపాయె. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుంపావు మోస్తది, మూడు సిలిండర్లు, ముప్పై బస్తాలు పడతయి. బొలెరో పికప్ ఇంకా గట్టిది. కాని నా చేతిలో ఉన్న మూడున్నర లక్షలకు దొరికే బొలెరోలన్నీ బాగా నలిగినయే ఉంటయని బావ అన్నడు. మొత్తం బరువు మూడు టన్నులు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఏస్ కొన్నా, దోస్త్ కొన్నా ఆ ఖర్చు లేదు.

మొదలు హన్మకొండ. పాత బండ్లు అమ్మే రెండు మూడు చోట్ల తిరిగినం. ఇంటికి దగ్గర, బండ్లన్నీ వరుసగ నిలబెట్టి ఉంటయి, చాయ్ పోస్తరు. కాయితాల పని వాళ్లే చేసిపెడతరు. నచ్చనిది ఏందంటే అక్కడ అన్ని బండ్లూ మంచియే! మేం పదకొండింటికి పోయినం. మీటర్‌లో 68 వేలున్న తెల్ల బండి చూపెట్టిన్రు. కొత్త సీటు కవర్లు, కొత్త స్టీరింగ్ తొడుగు. బావ కూసోలేదు, తలుపు తీసి కిందికి వంగిండు. క్లచ్ పెడల్‌కు, బ్రేక్ పెడల్‌కు కొత్త రబ్బర్లున్నయి. పక్కన యాక్సిలరేటర్‌కు మార్చుడు మర్చిపోయినట్టున్నరు, అది కుడి మూలకు అరిగి ఇనుము తేలి గాజు లెక్క మెరుస్తున్నది. నా వేలు పట్టుకొని దాని మీద రాపిచ్చిండు. "68 వేలకు గిట్ల అరగాల్నంటే డ్రైవర్ ఇనుప బూట్లు తొడగాలె" అన్నడు. సీటు లేపి ఇంజన్ మీద అరచెయ్యి పెడితే అప్పటికే వేడి. పొద్దుగాల ఐదున్నరకు వస్తమంటే, తొమ్మిదింటి దాకా గేటు తియ్యమన్నరు. లేచి వచ్చినం.

మీటర్ తిప్పుడు పెద్ద విద్యేం కాదని దారిపొడుగునా చెప్పుకుంటనే వచ్చిండు. తిప్పినోనికి పెడళ్లు, తలుపు గొళ్లాలు, గేరు రాడ్డు మీది నంబర్లు యాదికుండవట. టైర్ల పక్కన నాలుగంకెలుంటయి: మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. అరవై వేలే తిరిగిన బండికి మూడో సెట్టు టైర్లు ఎందుకుంటయని అడగాలె, అదీ రీబటన్‌వి, అంటే అరిగిన టైరుకు మళ్ల రబ్బరు పొర ఎక్కిచ్చినయి.

మధ్యాహ్నం కరీంనగర్ బస్సెక్కినం. డెబ్బై కిలోమీటర్లు, హుజూరాబాద్ మీదుగ. మహాలక్ష్మి, అంటే ఆడోళ్లకు ఉచిత బస్సు, వచ్చినప్పటి నుంచి ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకాలంటే బస్టాండ్‌లోనే ఎక్కాలె, మధ్య స్టాపుల్లో ఆశ పెట్టుకోవద్దు. మేం సూపర్ లగ్జరీకి టికెట్ తీసుకున్నం. పైసలు ఎక్కువైనా నడుం మిగిలింది.

కరీంనగర్‌లో బస్టాండ్‌కు నడిచేంత దూరంలో లాడ్జి, ఇద్దరికి ఎనిమిది వందలు. దుప్పట్లు శుభ్రం, ఫ్యాను మంచిగ తిరిగింది, పక్క మెస్సులో చేపల పులుసు ఇప్పటికీ నోట్లో ఉన్నది. సాయంత్రం మానేరు డ్యాం కట్ట మీద గంటసేపు గాలికి కూసున్నం. అన్నీ బాగున్నయనుకునే లోపలనే తెల్లారింది. ఐదింటికి కిందికి దిగితే షట్టరుకు తాళం. తాళం చెవి మేనేజర్ దగ్గర, మేనేజర్ ఇంటి దగ్గర. వాచ్‌మన్ నిద్ర కండ్లతోని "ఆరింటికొస్తడు సార్" అన్నడు, వచ్చింది ఆరుంబావుకు. మేం పోయేసరికి ఓనర్ బండి నడిపిచ్చుకొని పాలు తెచ్చుకున్నడు. రాత్రి పండినందుకు ఫలితం గుండుసున్నా. బావ నన్నేం అనలేదు, షట్టర్ దిక్కు చూసి ఒక మాట అన్నడు, అది ఇక్కడ రాయలేను.

ఆ బండి ఎట్లనూ మాకు రాసిపెట్టి లేదు. పెయింటు తళతళ, కిందికి దూరి చూస్తే వెనక కమాన్లకు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఒక్కో దిక్కు అదనపు పట్టీ ఎక్కిచ్చి ఉన్నది. కంపెనీ ఇచ్చిన దానికంటె పట్టీ ఎక్కువుందంటే మోయాల్సిన దానికంటె ఎక్కువ మోసినట్టే. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు పని ఎక్కువ, రాళ్లు మోసిన బండ్లు దొరుకుడు వింత కాదు. ఛాసిస్ మీద వెనక ఇరుసు కాడ వెల్డింగ్ గీత, దాని మీద నల్ల రంగు. బావ టార్చి కొట్టి గోటితో గీకితే రంగు పొర లేచింది. ఓనర్ మంచి మనిషే, దాచలేదు. "నేను కొన్నప్పుడే ఉండె" అన్నడు. నీళ్ల డబ్బాలు మోసిన ఇంకో బండి చూసినం. డెక్ మీద పరిచిన రబ్బరు మ్యాటు లేపితే కింద ఇనుము అప్పడం లెక్క ఉన్నది. మ్యాటు మళ్ల పరిచి దండం పెట్టినం.

జగిత్యాలకు ఇంకో యాభై కిలోమీటర్లు. పోవాల్నా వద్దా అని కరీంనగర్ బస్టాండ్‌లో చాయ్ తాగుకుంట అరగంట కొట్లాడుకున్నం. నాకు ఇల్లు యాదికొచ్చింది. బావకు మామిడి యాదికొచ్చింది: జగిత్యాల పక్క చెల్‌గల్‌లో మామిడి మార్కెట్ ఉన్నది. జూన్ దాటితే అక్కడ పని తగ్గుతది, బండి అమ్ముకునేటోడు అప్పుడే అమ్ముతడు. మామిడి డబ్బాలు మోసిన బండి రాయి మోసిన బండి లెక్క విరగదు. ఆ లెక్క నాకు నచ్చింది.

జగిత్యాల లాడ్జి ఆరు వందలు. కరీంనగర్ దానితోని పోలిస్తే రూము చిన్నది, గోడకు చెమ్మ, బకెట్‌కు పిడి లేదు. వేడినీళ్లు అడిగితే ముసలాయన స్టవ్ మీద కాచి ఇచ్చిండు. కాని ఆయన గేటు దగ్గర్నే మంచమేసుకొని పంటడు. "ఎన్నింటికి పోవాలె బిడ్డా?" అని తనే అడిగిండు, ఐదుంబావుకు తలుపు కొట్టిండు. ఆటో ఆయనకు రాత్రే చెప్పి పెట్టినం, చెప్పిన టైముకు వచ్చిండు. నన్నడిగితే పొద్దుగాల పని ఉన్నోనికి ఇదే లాడ్జి, పెండ్లికి పోయేటోనికి కరీంనగర్‌ది.

ఓనర్ మంచంలకెళ్లి అప్పుడే లేస్తున్నడు. 2016 మొదట్లో రిజిస్ట్రేషనైన దోస్త్, టీఎస్ 02 నంబరు. జగిత్యాల బండికి కరీంనగర్ నంబరేందని నేను అడగబోతుంటే బావ మోచేత్తో పొడిచిండు. జిల్లాలు విడిపోయింది 2016 అక్టోబర్‌లో, జగిత్యాలకు టీఎస్ 21 అన్నది ఆ తర్వాతి ముచ్చట. నంబరు, సాలు సరిపోయినయంటే అదీ ఒక సాక్ష్యమే. మీటర్ 1,91,000 చూపిస్తున్నది. నా మొఖం చూసి ఓనర్ "తిరిగింది తిరిగినట్టే ఉన్నదన్నా" అన్నడు.

సీటు లేపి చెయ్యి పెడితే చల్లటి ఇనుము, మీద సన్నగ తేమ. బావ నన్ను వెనక సైలెన్సర్ కాడ నిలబెట్టిండు. ఓనర్ సెల్ఫ్ కొట్టిండు. ఒక్కసారి గునిసి, రెండో తిప్పుకు అందుకున్నది. మొదలు బూడిద రంగు పొగ ఒక గుప్పెడు, పది లెక్కపెట్టే లోపల పోయింది. నీలం పొగ వస్తనే ఉంటే ఆయిల్ తాగుతున్నట్టు, తెల్లపొగ ఆగకుంట వస్తే నీళ్లు లోపలికి పోతున్నయేమో చూడాలె. బావ ఆయిల్ పోసే మూత తీసి బోర్లించి, ఆ రంధ్రం మీద వదులుగ పెట్టిండు. బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగిన ఇంజన్‌లో కిందికెళ్లి గాలి తన్ని మూత ఎగిరిపడుతది. ఇది సన్నగ వణికింది, పడలేదు. ముగ్గురం ఒంగి ఆ మూతనే చూసుకుంట నిలబడ్డం, ఆ ఇంటామె చాయ్ తెచ్చి పక్కన పెట్టింది కూడ చూడలేదు.

అప్పుడు ఓనర్ లోపలికి పోయి బిడ్డ పాత ఎక్కాల నోటుబుక్కు తెచ్చిండు. ఒక దిక్కు పన్నెండో ఎక్కం, మలిపి చూస్తే ఆయిల్ మార్చిన తారీఖులు, కిలోమీటర్లు, క్లచ్ ప్లేట్లు రెండుసార్లు, రేడియేటర్ పైపు ఒకసారి. 1,40,000 కాడ పేజీకి పసుపు మరక. ఏ కంపెనీ సర్వీసు బుక్కు కూడ నన్ను అంత ఒప్పియ్యలేదు.

తక్కువలు లేకపోలేదు. మూడో గేరులో కూత, ముందు కుడి టైరు లోపలి అంచు అరిగింది, డ్రైవర్ తలుపు రబ్బరు చీలింది. మూడు లక్షల నలభై వేలన్నడు, మూడు లక్షల ఐదు వేలకు తెగింది. ఫోన్‌లో బండి వివరాలు చూపే సర్కారు యాప్ ఎం-పరివాహన్ తెరిచి చూస్తే ఫిట్‌నెస్ ఇంకా నాలుగు నెలలుంది (ఎనిమిదేండ్లు దాటిన సరుకు బండికి ఇది ఏటేటా చేపియ్యాలె), ఇన్సూరెన్స్ నడుస్తున్నది, చలాన్లు రెండు. చిక్కు వేరే ఉన్నది. ఫైనాన్స్ ఎప్పుడో కట్టేసిన్రు, కాని ఆర్‌సీ మీద అప్పు పేరు అట్లనే ఉన్నది. ఫైనాన్స్ ఆఫీసుకు పోతే ఎన్‌ఓసీకి, అంటే అప్పు బాకీ లేదన్న కాయితానికి, వారం పడుతదన్నరు. కట్టి రెండేండ్లయినంక ఒక కాయితానికి వారం! పదివేలు బయానా ఇచ్చి, తెల్లకాయితం మీద రాసుకొని, ఖాళీ చేతులతో బస్సెక్కినం. పూర్తి పైసలిచ్చి బండి తోలుకపొమ్మని ఓనర్ మనస్ఫూర్తిగనే అన్నడు, బావ ఒప్పుకోలేదు.

వారం పదకొండు రోజులైంది. ఈసారి ఒక్కన్నే పోయి పొద్దున దిగి సాయంత్రానికి మళ్లిన. బండి నా పేరు మీదికి మారేందుకు ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పు తీసేసేందుకు ఫారం 35, ఎన్‌ఓసీ, చలాన్లు కట్టిన రసీదు. బండి ఏ రోజు, ఏ గంటకు చేతులు మారిందో రాసి ఇద్దరం సంతకం పెట్టినం. ఆ గంట దాకా ఏదన్నా అయితే ఆయనది, ఆ తర్వాత నాది. ఇన్సూరెన్స్ పేరు మార్చుకునేందుకు పద్నాలుగు రోజులే గడువు, అది మర్చిపోవద్దని బావ ఫోన్ మీద ఫోన్.

దారిలో కొండగట్టు కాడ ఆగి అంజన్న ముందట పూజ చేపిచ్చిన. వాహన పూజలు అక్కడ కొత్త కాదు, నిమ్మకాయలు టైర్ల కింద పెట్టేటోళ్లు మనల్ని అడగకముందే పెడతరు. మంగళవారం కాకుంట చూసుకొని పోతే అరగంటలో అయితది. హుజూరాబాద్ దాటినంక వాన పట్టుకున్నది. చీలిన తలుపు రబ్బరులకెళ్లి నీళ్లు కుడి మోకాలు మీద చుక్క చుక్క పడ్డయి, ఇంటిదాక. ట్యాంకు నింపి లెక్క చూస్తే ఖాళీ బండికి లీటరుకు పద్నాలుగు చిల్లర వచ్చింది.

తలుపు రబ్బరు తెల్లారే మార్పిచ్చిన. ముందు టైర్లు రెండు కొత్తవి. మూడో గేరు కూత అట్లనే ఉంది. గేరుబాక్స్ దించితే పెద్ద ఖర్చు, మిర్చి వచ్చేదాక దాన్ని అట్లనే కూయనియ్యమన్నడు బావ.