అలెప్పీలో ఇంటివారే కట్టుకున్న కెట్టువళ్లం: ఒక రాత్రి బసపై సమీక్ష

అలెప్పీలో హౌస్‌బోటు బస కోసం వెతికేవారికి కనబడే ఫొటోలన్నీ మంచాల చుట్టూ, పూల అలంకరణల చుట్టూ, ఏసీ గదుల చుట్టూ తిరుగుతాయి. పడవను నీటి మీద నిలబెట్టే కింది భాగాన్ని ఎవరూ చూపించరు. మా కుటుంబం ఎంచుకున్నది పున్నమడ సరస్సు వైపు ఇద్దరు అన్నదమ్ములు తమ చేతులతో తయారు చేసుకుని, తామే నడుపుకుంటున్న రెండు పడకగదుల కెట్టువళ్లం, అంటే కొబ్బరి తాడుతో పలకలను కుట్టి చేసే కేరళ పడవ. ఒకప్పుడు వడ్లు మోసిన పాత పడవను కొని, తమ ఇంటి పక్క కాలువ గట్టునే నిలిపి, ఈ పనిలో ఆరితేరిన ఒక పెద్ద వడ్రంగిని దగ్గర పెట్టుకుని, దాని మీద ఇంటిని వారే కట్టుకున్నారు. హంగుల లెక్కన చూస్తే ఇంతకంటే ఖరీదైనవి అక్కడ చాలానే ఉన్నాయి గాని, నీటి మీద కాపురం ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకునేవారికి నేను నిస్సంకోచంగా సూచించేది ఇలాంటి పడవనే.

ముందుగా పనితనం గురించి చెప్పాలి. మేము అడగగానే అన్నదమ్ముల్లో పెద్దాయన అమరం (పడవ వెనక భాగం) వైపున్న వంటగదిలో నేల చెక్క ఒకటి పైకెత్తి, టార్చి వేసి చూపించారు. పనస జాతికి చెందిన అంజిలి చెట్టు పలకలు అంచుకు అంచు ఆని ఉన్నాయి. ఆ అంచుల వెంట వరసగా బెజ్జాలు, వాటి గుండా దూర్చి బిగించిన కొబ్బరి పీచు తాడు. అతుకు పొడవునా పీచును దట్టించి, దాని మీదుగా తాడును ఇటూ అటూ లాగి కట్టడం వల్ల లోపలి వైపు నుంచి చూస్తే బొంత కుట్టినట్టుగా కనిపిస్తుంది. ఆ అతుకుల్లో ఒక్క మేకు కూడా లేదు. జీడిగింజల పెంకు నుంచి తీసిన నూనెను కాచి ఏళ్ల తరబడి పూస్తూ రావడంతో ఆ కుట్లన్నీ నల్లబడి, వేలితో నొక్కినా లొంగనంతగా గట్టిపడ్డాయి. పున్నమడను కలుపుకున్న పెద్ద సరస్సు వేంబనాడ్‌లోకి సముద్రపు ఉప్పునీరు వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి ఇనుప మేకు వేస్తే అది తుప్పు పట్టి, చుట్టూ ఉన్న చెక్కను కూడా పాడుచేస్తుంది. తాడుతో ఆ బెడద లేదు, పైగా ఒక పలక పుచ్చిపోతే ఆ మేరకే కుట్లు విప్పి, కొత్త పలక వేసి మళ్లీ కుట్టుకోవచ్చు. ఇలాంటి పడవలు తరాల పాటు పనికొస్తాయంటే కారణం అదే. అయితే క్రమం తప్పకుండా గట్టుకు చేర్చి, ఆరబెట్టి, నూనె పట్టించే ఓపిక యజమానికి ఉండాలి. ఈ మధ్య కొందరు పాత పడవలకు ఫైబర్‌గ్లాసు తొడుగు వేయిస్తున్నారు. అది తప్పని నేను అనను గాని, కుట్టుపనిని కళ్లారా చూడాలని వెళ్లేవారు ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

పై ఇంటికి వాడినవన్నీ తేలికైన సరుకులు: వక్కమాను స్తంభాలు, వెదురు బద్దల కమానులు, వాటి మీద అల్లిక తడకలు, కొబ్బరి పీచు చాపలు. బరువంతా అడుగున, తేలిక పైన ఉండేలా చూసుకోవడం పడవ కట్టేవారి మొదటి నియమం. అదే సరస్సులో అద్దాల గోడలతో, రెండో అంతస్తుతో, పైన డాబాతో తిరుగుతున్న హౌస్‌బోట్లను చూసినప్పుడు నాకు మనసులో కలవరం కలిగింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన విహార పడవ ప్రమాదాన్ని మన ప్రాంతంవారు మరచిపోలేరు. 2023 మే 7న కేరళలోనే తానూరులో రెండంతస్తుల విహార పడవ బోల్తా పడి 22 మంది ప్రాణాలు కోల్పోయారు. అందువల్ల గది ఎంత బాగున్నా, లైఫ్ జాకెట్లు చేతికి అందే చోట ఉన్నాయా, మనుషుల సంఖ్యకు సరిపోతాయా, పిల్లల కొలతవి ఉన్నాయా అని చూసుకోకుండా ఎక్కవద్దని నా మనవి. ఇక్కడ అవి అణియంలో (పడవ ముందు భాగంలో) కూర్చునే బల్లల కిందే ఉన్నాయి. మేము అడగకముందే సరంగు వాటిని తీసి మా పిల్లలకు తొడిగారు.

వానాకాలంలో బేరాలు తగ్గినప్పుడు అన్నదమ్ముల్లో చిన్నవాడి కుటుంబం ఈ పడవలోనే ఉంటుందని చెప్పారు. ఆ మాట వినకపోయినా వంటగదిని చూస్తే తెలిసిపోతుంది. గిన్నెలు జారిపోకుండా ప్రతి అరకూ ముందువైపు ఎత్తైన అంచు ఉంది, పోపుల డబ్బాలకు ఒక్కోదానికి ఒక్కో గాడి ఉంది, తలుపులన్నీ పక్కకు జరిగేవే. గదులకు రెండు వైపులా కిటికీలు ఎదురెదురుగా ఉండటం వల్ల పగలు గాలి బాగా ఆడింది. కుటుంబం ఉండటానికి కట్టుకున్న పడవకూ, అద్దెకు ఇవ్వడానికే కట్టిన పడవకూ తేడా ఇటువంటి చోట్లే తెలుస్తుంది.

భోజనం విషయంలో నాకు ఏ లోటూ కనబడలేదు. పచ్చటి మెరుపు, నిలువు చారలు ఉన్న కరిమీన్ చేపకు ఉల్లిపాయ, మిరియాలు, అల్లం కలిపిన మసాలా పట్టించి, అరటాకులో చుట్టి పెనం మీద కాల్చి పెట్టారు. ముళ్లు ఎక్కువే గాని, పులస తిన్న చేతులకు అది పెద్ద ఇబ్బంది కాదు. కుడంపులి అనే పుల్లటి ఎండు కాయ వేసిన చేపల కూర చింతపండు పులుసుకు అలవాటుపడిన నాలుకకు మొదట కొత్తగా అనిపించినా, మట్ట బియ్యపు ఎర్రన్నంలో చక్కగా కలిసింది. శాకాహారుల కోసం తోరన్ (కొబ్బరి కోరు వేసిన కూర), సాంబారు, అప్పడాలు చేశారు. మా అమ్మ ఆవకాయ సీసా బయటకు తీస్తే, వంట చేస్తున్న చేట్టన్ (మలయాళంలో అన్న) కూడా ఒక ముద్ద కలుపుకుని తిని, మసాలా పాళ్లు అడిగి రాసుకున్నారు.

దారి పొడవునా కనిపించే కుట్టనాడు గురించి కాస్త తెలుసుకుని వెళ్తే ప్రయాణం విలువ పెరుగుతుంది. ఇక్కడ వరి సముద్ర మట్టం కంటే దిగువన పండుతుంది. పడవలో కూర్చుని గట్టు అవతలికి చూస్తే పొలం మన కాళ్ల కంటే కిందకు ఉంటుంది. ఈ సాగు పద్ధతిని ప్రపంచస్థాయి వ్యవసాయ వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో గుర్తించింది. పొలంలోని నీటిని ఎత్తి కాలువలో పోసే ‘పెట్టి-పర’ యంత్రం దగ్గర పడవ ఆపమని తప్పకుండా అడగండి. నిలువుగా నిలిపిన గొట్టంలో తిరిగే రెక్కలు నీటిని పైకి తోస్తే, దానికి అతికించిన చెక్కపెట్టె గుండా ఆ నీరు ధారగా కాలువలోకి దూకుతుంది. ఇది కుట్టనాడు సాగుతో విడదీయలేనంతగా ముడిపడిన పనిముట్టు.

ఇక లోపాలు. చాలా మంది వచ్చేది రాత్రంతా సరస్సులో తేలుతూ ఉంటామన్న ఊహతో, కాని అలా జరగదు. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో హౌస్‌బోట్లన్నీ గట్టుకు చేరాలి. ఆ తర్వాత సరస్సు జాలరులది, వారు వలలు వేసుకునే వేళ. ఆ నియమం న్యాయమైనదే, కాని బుక్ చేసేటప్పుడు మాతో ఎవరూ ఈ మాట చెప్పలేదు. మమ్మల్ని కట్టేసిన చోట పక్కపక్కనే మరికొన్ని పడవలు ఉండటంతో వాటి జనరేటర్ల చప్పుడు, పొగ అర్ధరాత్రి దాకా వదలలేదు. ఏసీ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకే నడుస్తుంది. దోమతెరలో ఒక మూల చిరిగి ఉంది. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది నీటి పరిస్థితి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరిన వేంబనాడ్ మీద గుర్రపుడెక్క కొన్ని చోట్ల పడవ కదలనంతగా పరుచుకుంది. పొలాల్లోకి ఉప్పునీరు రాకుండా ఎండాకాలంలో తన్నీర్ముక్కం అడ్డుకట్ట తలుపులు మూసేస్తారు. రైతుకు అది అవసరమే, కాని అప్పుడు నీరు పారక కలుపు, మురుగు రెండూ పేరుకుంటాయి. దానికి మరుగుదొడ్ల మురుగును కూడా చేర్చే పడవలను మనం ఎంచుకోకూడదు. మా పడవలో బయోటాయిలెట్ ట్యాంకు ఉంది, దాన్ని ఎక్కడ ఖాళీ చేయిస్తారో అడిగితే తడబడకుండా చెప్పారు. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేని యజమానికి డబ్బు కట్టవద్దు.

ధర సీజన్‌ను బట్టి బాగా మారుతుంది. క్రిస్మస్ సెలవుల్లోనూ, నెహ్రూ ట్రోఫీ పడవల పందెం రోజుల్లోనూ వెళ్లేకంటే, వానలు కాస్త తగ్గే సెప్టెంబరులో వెళ్లడం అన్ని విధాలా మేలు. కాలువలు చూడటమే ముఖ్యమైతే రాత్రి బస అక్కర్లేదు. అలెప్పీ నుంచి కొట్టాయం వెళ్లే జల రవాణా శాఖ పడవలో కొద్దిపాటి టిక్కెట్టుతో రెండున్నర గంటల్లో కుట్టనాడు మధ్య నుంచి వెళ్లిపోవచ్చు, ఊరివారి రోజువారీ రాకపోకలు కూడా అందులోనే కనబడతాయి. కోనసీమ దిండిలో మన పర్యాటక శాఖ హౌస్‌బోట్లు ఎక్కినవారికి గదుల తీరు కొత్తగా అనిపించకపోవచ్చు. వారు ఇంత దూరం రావలసింది ఆ కుట్టుపని కోసం, ఆ పొలాల కోసం. బుక్ చేసే ముందు ఫోనులోనే పడవ ఏ చెక్కతో, ఎలా కట్టారో, రాత్రి ఎక్కడ కట్టేస్తారో, పక్కన ఎన్ని పడవలు ఉంటాయో అడగండి. పెద్దవాళ్లు వెంట ఉంటే మరొక మాట: గట్టు నుంచి పడవలోకి వేసేది ఒకే సన్నని చెక్క, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు, కాబట్టి వెడల్పైన బల్ల వేయించమని ముందే చెప్పి ఉంచండి.