కారియోటైపా, మైక్రోఅర్రేనా? ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు ఏది ముందు?

మెడ నిలపడం, మాటలు రావడం బాగా ఆలస్యమైతే డాక్టర్లు చెప్పే క్రోమోజోమ్ పరీక్షలు ముఖ్యంగా ఈ రెండే.

ఎంత చిన్న మార్పు కనబడుతుంది: కారియోటైప్ అంటే మైక్రోస్కోప్ కింద క్రోమోజోముల చారలు చూడటం, సుమారు 50 లక్షల డీఎన్ఏ అక్షరాల కంటే చిన్న ముక్క ఊడిపోతే అందులో కనబడదు. మైక్రోఅర్రే అంటే డీఎన్ఏని చిప్ మీద పోల్చి ఎక్కడ ముక్కలు తగ్గాయో, పెరిగాయో చూడటం, అది లక్ష అక్షరాల ముక్కనూ పట్టేస్తుంది. అందుకే దాంతో సుమారు 15–20 శాతం పిల్లల్లో కారణం దొరుకుతుంది, కారియోటైప్‌తో డౌన్ సిండ్రోమ్ లాంటివి పక్కనపెడితే 3 శాతమే.

ఖర్చు: కారియోటైప్‌కి తక్కువ. కానీ నార్మల్ అని వచ్చాక రెండోది ఎలాగూ చేయించాలి, పాపం పిల్లకి మళ్ళీ సూది.

రిస్క్: మైక్రోఅర్రేలో అర్థం తేలని మార్పు బయటపడితే అమ్మానాన్నలకూ పరీక్ష, ఆ టెన్షన్ వేరు. ముక్కలు ఏమీ తగ్గకుండా చోటు మాత్రమే మారితే అది పట్టుకోలేదు.

డౌన్ సిండ్రోమ్ అనుమానమో, తల్లికి పదేపదే గర్భస్రావాలో ఉంటే కారియోటైప్. కారణం తెలియని ఆలస్యానికైతే ముందు మైక్రోఅర్రేనే, 2010లో నిపుణులు చేసిన సూచన కూడా ఇదే.