అగస్టీన్ సందేహపడ్డ ఊళ్ళలో అమ్మతో

మా గుంటూరు లూథరన్ ఇళ్ళలో మోనికా కథ కొత్తది కాదు. దారి తప్పిన కొడుకు కోసం ఏళ్ళకేళ్ళు కన్నీళ్ళతో ప్రార్థించిన తల్లి అని స్త్రీల సమాజం కూడికల్లో తరచూ చెప్పేవాళ్ళు. నేను డిగ్రీలో ఉండగా చర్చికి వెళ్ళడం మానేశాను. ఆ తర్వాత ఇంట్లో ఎవరైనా ఆ కథ ఎత్తితే అమ్మ నా వైపు చూసేది కాదు. ఆ చూడకపోవడమే నాకు గుచ్చుకునేది.

చాలా ఏళ్ళకు ఆ కొడుకు, తర్వాత బిషప్ అయిన అగస్టీన్, రాసిన కన్ఫెషన్స్ అనే ఆత్మకథ చదివాను. మారిపోయిన కథ ఉంటుందనుకుంటే, ఎక్కువ భాగం మారలేకపోయిన కథే ఉంది. క్రీ.శ. 354లో తగాస్తెలో, అంటే నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్‌లో పుట్టాడు. పంతొమ్మిదేళ్ళకు రోమన్ వక్త సిసిరో పుస్తకం చదివి జ్ఞానం మీద మోజుపడ్డాడు. బైబిలు తెరిస్తే భాష మోటుగా తోచి పక్కన పెట్టేశాడు. చెడు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుందని తొమ్మిదేళ్ళు, మంచీ చెడూ రెండు వేర్వేరు శక్తులని నమ్మే మానికీయుల వెంట తిరిగాడు. వాళ్ళ పెద్ద ఫౌస్తుస్‌ని కలిశాక మాటకారితనమే తప్ప సరుకు లేదని తేలిపోయింది. 383లో రోముకు వచ్చేసరికి, ఏదీ నిశ్చయంగా తెలుసుకోలేమనే సంశయవాదుల దగ్గర ఆగాడు. 384లో మిలాన్‌లో అలంకారశాస్త్రం చెప్పే కొలువు దొరికింది.

గత అక్టోబరులో, అరవై తొమ్మిదేళ్ళ అమ్మను వెంటబెట్టుకుని మిలాన్‌లో మూడు రాత్రులు, రోములో నాలుగు రాత్రులు ఉండి వచ్చాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని బస, రైళ్ళ సంగతులు కూడా రాస్తున్నాను.

మిలాన్‌లో సెంట్రల్ స్టేషన్ దగ్గర ఒక చిన్న హోటల్లో దిగాం. స్టేషన్ పక్కనే కావడం ఒక్కటే దాని గుణం. గది ఇరుకు, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు. తలకు ఇంతని రాత్రికి వేసే ఊరి పన్ను బుకింగ్ డబ్బులో కలవదు, వచ్చేటప్పుడు విడిగా కట్టించుకున్నారు. అది ఇటలీలో మామూలే. మెట్రోలో టికెట్ల కోసం నిలబడక్కర్లేదు, గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. మేం వెళ్ళినప్పుడు ఒక ప్రయాణానికి 2.20 యూరోలు.

మిలాన్ వెళ్ళే మనవాళ్ళు దుయోమో, అంటే అక్కడి పెద్ద చర్చి, పైకప్పు ఎక్కి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. నేనైతే కిందికి దిగమంటాను. మేం ఆన్‌లైన్‌లో మాట్లాడుకున్న గైడు రెండు గంటలని చెప్పి గంటకే ముగించి, కింద చూడ్డానికేమీ లేదన్నాడు. చూడాల్సిందే అక్కడుంది. టికెట్ కొనేటప్పుడు పురావస్తు ప్రదేశం కూడా కలిసిందో లేదో చూసుకోండి. మెట్లు దిగాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నిదానంగా దిగితే మంచిది.

ఆ మహా కట్టడాన్ని 1386లో మొదలుపెట్టారు. దాని నేల కింద అంతకు వెయ్యేళ్ళ నాటి బాప్తిస్మపు తొట్టి ఉంది. ఎనిమిది పలకలు. ఏడు రోజుల వారం దాటాక వచ్చే ఎనిమిదో రోజు క్రీస్తు లేచిన దినం కాబట్టి ఆ లెక్క. 1960ల్లో మెట్రో పనులప్పుడు తవ్వి దీన్ని పూర్తిగా బయటపెట్టారు. 387 ఈస్టరు జాగరణ రాత్రి, ఏప్రిల్ 24న, ముప్ఫై రెండేళ్ళ అగస్టీన్, పదిహేనేళ్ళ కొడుకు అదియోదాతుస్, స్నేహితుడు అలిపియుస్ ఈ తొట్టిలోనే దిగారు. బాప్తిస్మం ఇచ్చింది బిషప్ అంబ్రోస్.

"అంత పెద్దయ్యాకనా?" అంది అమ్మ. నాకు మూడో నెలలోనే ఇప్పించింది మరి. ఆ రోజుల్లో చాలామంది వాయిదా వేసేవాళ్ళనీ, పసిపిల్లల బాప్తిస్మం కోసం తర్వాత గట్టిగా వాదించినవాళ్ళలో ఈ అగస్టీనే ముఖ్యుడనీ, మన లూథర్ కూడా అగస్టీన్ పేరున్న సన్యాసి సంఘం నుంచే వచ్చాడనీ చెప్పాను. అమ్మ తొట్టి చుట్టూ ఉన్న దారిలో ఒకసారి తిరిగి వచ్చి, "ఐతే నీ నెత్తిన పోసిన నీళ్ళు ఇక్కడివేనన్నమాట" అంది. నేనేమీ అనలేకపోయాను. మొత్తం ప్రయాణంలో ఒక్క చోటే చూడగలిగితే ఇదే చూడమంటాను.

మర్నాడు సంత్ అంబ్రోజో, అంటే ఆ అంబ్రోస్ పేరున్న బసిలికా చర్చికి వెళ్ళాం. ఆకుపచ్చ మెట్రోలో ఆ పేరుతోనే స్టేషనుంది. అంబ్రోస్‌ది విచిత్రమైన కథ. 374లో బిషప్ ఎన్నిక గొడవ సర్దడానికి వచ్చిన గవర్నరు. జనం అతన్నే బిషప్ కావాలన్నారు. అప్పటికి బాప్తిస్మం కూడా తీసుకోలేదు. నేలమాళిగలో అతని అస్థిపంజరం, అటూ ఇటూ విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన ఇద్దరు హతసాక్షులవి, వస్త్రాలతో సహా అద్దాల పెట్టెలో కనిపిస్తాయి. అమ్మకు అది నచ్చలేదు, గబగబా పైకి వచ్చేసింది.

మోనికా కూడా ఈ ఊళ్ళో ఒక మాట పడింది. ఆఫ్రికాలో చేసినట్టే హతసాక్షుల సమాధుల దగ్గరికి గంజి, రొట్టె, ద్రాక్షారసం పట్టుకొస్తే, బిషప్ వద్దన్నాడని కాపలావాడు ఆపేశాడు. ఆమె మారుమాట లేకుండా మానేసింది. నవంబరు 2న సమాధుల పండక్కి పూలూ కొవ్వొత్తులూ పట్టుకెళ్ళే అమ్మకు ఆ బాధ వెంటనే అర్థమైంది.

అక్కడి వరండాలో కూర్చుని ఉండగా అమ్మ, అదియోదాతుస్ సంగతి తలుచుకుని, "ఆ పిల్లాడి తల్లేమైంది?" అని అడిగింది. నాకు ఈ కథలో అన్నిటికంటే మింగుడుపడనిది అదే. ఆమె అగస్టీన్‌తో పదిహేనేళ్ళ దాకా కాపురం చేసింది. హోదాకు తగ్గ పెళ్ళి కుదర్చడం కోసం మిలాన్ నుంచే ఆమెను ఆఫ్రికాకు పంపేశారు. ఆ సంబంధం చూడ్డంలో మోనికా చెయ్యుంది. కుదిర్చిన పిల్లకు పెళ్ళీడు రావడానికి ఇంకా రెండేళ్ళుంది. వెళ్ళిపోయిన ఆమె ఇక ఏ మగవాణ్ణీ ఎరగనని మొక్కుకుని, కొడుకును వదిలి వెళ్ళింది. తన గుండె కోసినట్టయిందని అగస్టీన్ రాశాడు గానీ, ఆమె పేరు రాయలేదు. "పేరన్నా రాయొద్దూ?" అని అమ్మ చాలాసేపు అదే తలుచుకుంది. మోనికా మీద ఆమెకు కోపం రావడం నేను మొదటిసారి చూశాను.

386 ఆగస్టులో మిలాన్‌లో ఒక తోటలో, పక్కింటి నుంచి "తీసి చదువు" అని పిల్లల గొంతు విని, పౌలు రోమీయులకు రాసిన పత్రిక తెరిచి మారాడన్నది అందరికీ తెలిసిన ఘట్టం. నాకు దాని తర్వాతి నెలలు ఎక్కువ ఇష్టం. కొలువు మానేసి, తల్లినీ కొడుకునూ స్నేహితులనూ తీసుకుని పల్లెలో ఉన్న కస్సిచియాకుం అనే చోటికి వెళ్ళాడు. అక్కడ రాసిన మొదటి పుస్తకాల్లో ఒకటి సంశయవాదులకు జవాబు. విశ్వాసం దొరికింది కదా అని సందేహాన్ని తిట్టి ఊరుకోలేదు. దాని వాదాలను ఒక్కొక్కటిగా ముందు పెట్టుకుని తర్కించాడు. తన పుట్టినరోజున మొదలుపెట్టిన మరో చర్చలో మోనికా కూర్చుని మాట్లాడుతుంది, కొడుకు ఆమె మాట పుస్తకంలోకి ఎక్కిస్తాడు. కూడికల్లో మాకు ఏడ్చే మోనికానే చూపించారు, వాదించే మోనికాను ఎవరూ చూపించలేదు.

అగస్టీన్ సమాధి ఉన్న పావియాకి మిలాన్ నుంచి లోకల్ రైల్లో అరగంట. కాగితం టికెట్ ఐతే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి మిషన్లో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా. స్టేషన్ నుంచి సాన్ పియెత్రో ఇన్ చెల్ దోరో చర్చికి నడిచే వెళ్ళొచ్చు. మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళండి. మేం పన్నెండు దాటాక చేరి, బయట మెట్ల మీద దాదాపు మూడు గంటలు కూర్చున్నాం.

అగస్టీన్ 430 ఆగస్టు 28న, ఆఫ్రికాలో తాను బిషప్‌గా ఉన్న హిప్పో నగరాన్ని వాండల్ తెగ సైన్యం ముట్టడించి ఉండగా చనిపోయాడు. ఎముకలు సార్డీనియా మీదుగా ఎనిమిదో శతాబ్దంలో లాంబర్డు రాజు లియుత్‌ప్రాండ్ చేతికి వచ్చి ఇక్కడికి చేరాయి. బలిపీఠం వెనక నిలబెట్టిన పాలరాతి సమాధి మీద 1362 అని ఉంటుంది, బొమ్మలు కిక్కిరిసి ఉంటాయి. నేలమాళిగలో జైల్లో తత్త్వం రాసిన బోయెతియుస్ సమాధి. 1695లో పనివాళ్ళకు ఎముకలు దొరికితే, ఇవి అగస్టీన్‌వేనా కాదా అని ముప్ఫై ఏళ్ళకు పైగా వాదులాడుకున్నారు. 1728లో పోపు తేల్చాడు. అమ్మ "ఎవరివైతేనేం" అని వెనక బెంచీ మీద ప్రార్థన చేసుకుంది. ఏమీ నమ్మనని చెప్పుకునే నేనే ఆ పాలరాయి ముందు నుంచి కదల్లేకపోయాను. 2025లో ఎన్నికైన పోపు లియో XIV అగస్టీన్ సంఘం వాడే కాబట్టి ఇక్కడ రద్దీ పెరగవచ్చు. మేం వెళ్ళినరోజు పట్టుమని పదిమంది లేరు.

రోములో సన్యాసినులు నడిపే అతిథి గృహంలో దిగాం. హోటల్ కంటే చవక, శుభ్రం, నిశ్శబ్దం. రాత్రి పదకొండుకు గేటు మూసేస్తారు, పొద్దున రొట్టె, జాము, కాఫీ తప్ప ఏమీ ఉండవు. కేరళ సిస్టరొకరు అమ్మకు రోజూ వేణ్ణీళ్ళు ఫ్లాస్కులో పోసి ఇచ్చేవారు. అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకు ఇలాంటి చోటే చెబుతాను.

నవోనా చౌకు దగ్గరి సంత్ అగోస్తీనో చర్చిలో, 1430లో రోము పాత రేవు ఓస్తియా నుంచి తెచ్చిన మోనికా అవశేషాలున్నాయి. అదే చర్చిలో కారవాజ్జో గీసిన చిత్రంలో మట్టి పాదాలతో మోకరిల్లిన ఇద్దరు బీద యాత్రికులను అమ్మ తదేకంగా చూసింది.

చివరి రోజు ఓస్తియా. పిరమిడే మెట్రో పక్క స్టేషన్ నుంచి అరగంట, మామూలు 1.50 యూరోల సిటీ టికెట్టే. శిథిల నగరం సోమవారం మూస్తారు. నీడ తక్కువ, పాత రోమన్ రాళ్ళ దారి, అమ్మ కోసం సగంలోనే వెనక్కి తిరిగాం. ఆఫ్రికాకు తిరుగు ప్రయాణంలో ఆగినప్పుడు ఇక్కడే ఒక ఇంట్లో కిటికీకి ఆనుకుని తల్లీకొడుకులిద్దరూ తోట వైపు చూస్తూ నిత్యజీవం గురించి మాట్లాడుకున్నారు. కొద్దిరోజులకే జ్వరంతో, 56వ ఏట మోనికా పోయింది. తగాస్తెలో భర్త పక్కన తన సమాధి ఉండాలని ఎంతో కాలంగా ఆశపడిన మనిషి, చివరికి ఈ దేహాన్ని ఎక్కడైనా పెట్టండి, ప్రభువు బల్ల దగ్గర నన్ను తలుచుకోండి చాలంది.

కోట పక్కనే శాంత్ ఔరియా అనే చిన్న చర్చి ఉంది. 1945లో ఇద్దరు కుర్రాళ్ళు ఆటకోసం కర్ర పాతుదామని పక్కన గుంత తవ్వితే మోనికా సమాధి శిలాఫలకం ముక్క బయటపడింది. చర్చిలో గోడకు పెట్టారు. పగిలిన రాయి, సగం సగం లాటిన్ అక్షరాలు. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరగా వెళ్ళి చూసింది.

"ఊరికి తీసుకెళ్ళలేదా ఆమెని?"

"లేదమ్మా. ఆవిడే వద్దంది."

గుంటూరు సమాధుల దొడ్లో నాన్న పక్కన జాగా కట్టించి ఉంచుకున్న మనిషి అమ్మ. కాసేపు ఆ అక్షరాల మీదే చూపు నిలిపి, "నేను మాత్రం వద్దనను. నన్ను తీసుకెళ్ళు" అంది.

"అలాగేనమ్మా" అన్నాను. ఎండ తగ్గాక, చెయ్యి పట్టుకుని స్టేషన్ దాకా నడిపించుకొచ్చాను.