రివెట్టా, వెల్డింగా? మౌజిత్సే వంతెన దగ్గర ఒక పోలిక

పాత ఇనుప వంతెనల మీద వరసగా బుడిపెల్లా కనిపించేవే రివెట్లు. ప్లేట్లకు రంధ్రాలు చేసి, ఎర్రగా కాల్చిన రివెట్‌ను దూర్చి, రెండో కొసను తలలా సాగగొట్టేవారు. రంధ్రం పడ్డచోట బలం తగ్గుతుంది. అతుకులకు అదనపు ప్లేట్లు కావాలి. బరువు పెరిగేది అక్కడే.

వెల్డింగ్‌కు ఆ రంధ్రాలతో పనే లేదు. పోలండ్‌లో వోవిచ్ దగ్గర స్వుద్వియా నదిపై 1929లో పూర్తయిన మౌజిత్సే వంతెనకు ప్రపంచపు తొలి వెల్డెడ్ రోడ్డు వంతెనగా పేరు. పొడవు 27 మీటర్లే. రివెట్లతో అయితే 70 టన్నులు దాటేదట, ఇది సుమారు 56 టన్నుల్లో అయిపోయింది! డిజైన్ చేసిన స్తెఫాన్ బ్రివా ధైర్యానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆయన్ను 1943లో వార్సాలో నాజీలు చంపేశారు.

రివెట్ వంతెనకూ ఒక గొప్ప గుణం ఉంది: పగులు వస్తే సాధారణంగా ఆ ప్లేటు అంచు దగ్గరే ఆగిపోతుంది. వెల్డింగ్‌లో అంతా ఒకటే ముక్క కాబట్టి ముందుకు పాకగలదు. బెల్జియంలోని హాసెల్ట్ వెల్డెడ్ వంతెన 1938లో అలాగే పగిలి కూలింది. అయినా నా ఓటు వెల్డింగ్‌కే, ఉక్కు నాణ్యతనూ అతుకులనూ గట్టిగా పరీక్షిస్తే. బ్రివా వంతెన 1977 దాకా వాహనాలను మోసింది. తర్వాత కాస్త పక్కకు జరిపి, ఇప్పటికీ భద్రంగా ఉంచారు.