శాతం లెక్క ఫీజు పట్టీ: తొమ్మిదేళ్ళు వాడి పక్కన పెట్టాక

ఒకప్పుడు ఈ పట్టీని తెగ మెచ్చుకున్నాను. నాది ఇళ్ళకీ స్థలాలకీ విలువ కట్టే పని, వాల్యుయేషన్ అంటారు. అందులోకి కొత్తగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకి జిరాక్సు తీయించి మరీ ఇచ్చాను. "గోడకి తగిలించుకోండి, బేరాలుండవు" అన్నాను. బేరాలుండవన్న మాట ఇప్పటికీ నిజమే. కానీ బేరం కన్నా పెద్ద తలనొప్పి ఒకటుందని అప్పటికి నాకు తెలీదు.

పట్టీ ఏమిటో ఈ పనిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి: విలువ కట్టినవాడు ఎంత ఫీజు పుచ్చుకోవచ్చో చెప్పే లెక్క, వెల్త్ టాక్స్ (సంపద పన్ను) నిబంధనల్లో 8సి. విలువలో మొదటి 5 లక్షలకి అర శాతం, తర్వాతి 10 లక్షలకి నూటికి ఇరవై పైసలు, ఆపై 40 లక్షలకి పది పైసలు, మిగతాదానికి ఐదు పైసలు. నిజానికి అది ఇంతకు మించొద్దని పెట్టిన హద్దు. నేను దాన్నే ధర చేసేసుకున్నాను. ఆ పన్నుని 2015లో ఎత్తేశారు. పెళ్ళయిపోయినా పందిరి విప్పనట్టు, పట్టీ మాత్రం నా గోడ మీద ఉండిపోయింది.

సుఖం లేదనను. కాకినాడలో 60 లక్షల ఫ్లాటు. నలభై నిమిషాల్లో కొలతలు, ఫొటోలు. కాగితాలన్నీ బిల్డరు ఫైల్లో వరసగా ఉంటాయి. పూట తిరక్కుండా రిపోర్టు. పట్టీ ప్రకారం 8,750 రూపాయలు. ఇచ్చేవాడు కిక్కురుమనడు. నేనూ అనలేదు, తొమ్మిదేళ్ళు.

ఇక ముక్తేశ్వరం వైపు చూసిన మండువా లోగిలి సంగతి, నడిమధ్య వాన నీళ్ళు పడేలా కప్పు లేకుండా వదిలిన పాతకాలపు ఇల్లు. అన్నదమ్ముల పంపకం. ఇల్లు పెద్దాయన ఉంచుకుంటాడు, విలువ కట్టించి అందులో సగం తమ్ముడికి డబ్బు రూపంలో ఇస్తాడు. ఇద్దరూ కలిసే వచ్చి నన్ను పిలిచారు, ఇద్దరూ కలిసే ఫీజు ఇస్తామన్నారు. మాది రామచంద్రపురం. కోటిపల్లి రేవులో స్కూటరుతో సహా పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి వెళ్ళాను.

పద్దెనిమిది సెంట్లు. ఇల్లు ఎనభై ఏళ్ళ నాటిది. ఏళ్ళు గడిచినకొద్దీ విలువ తగ్గించే పుస్తకంలో తరుగు లెక్క వేస్తే కట్టుబడికి మిగిలేది నామమాత్రం. కానీ ఆ స్తంభాలూ దూలాలూ గుమ్మాలూ అన్నీ పాత టేకు. వీధరుగు గోడ మీద 1986 గోదావరి వరద గీత ఇంకా కనిపిస్తోంది, మోకాలి ఎత్తులో. ఆ వరదకి కూడా కలప చెక్కు చెదర్లేదు. దాన్ని సున్నా అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

దాంతో ఒక్క రోజు పని నాలుగు తిరుగుళ్ళయింది. రెండోసారి హద్దుల కోసం: తాతగారి నాటి దస్తావేజులో తూర్పు హద్దు "ఫలానావారి కొబ్బరి చెట్లు" అని ఉంది, చెట్లు లేవు, ఆ ఫలానావారూ లేరు. మూడోసారికి గోదావరి పెరిగి పంటు ఆపేశారు, యానాం మీదుగా ఎదుర్లంక వంతెన చుట్టి వెళ్ళాను. నాలుగోసారి పాత కలప కొనే అడితీల చుట్టూ. రెండుచోట్ల కనుక్కుని కలపకి 4 లక్షలు వేశాను. స్థలం సెంటు లక్షన్నర చొప్పున 27 లక్షలు. వెరసి 31.

రిపోర్టు ఇచ్చిన రోజు పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. కాఫీ ఇప్పించాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

"ఇంజినీరుగారండీ, మీ ఫీజు ఈ విలువని బట్టే గదండీ?"

"అవునండీ."

"అంటే ఇల్లు ఎంత ఎక్కువ పలికితే మీకంత ఎక్కువన్నమాట."

నేను లెక్క చెప్పాను. 27 అయితే 5,700, 31 అయితే 6,100. నాలుగు లక్షలు పెంచితే నాకొచ్చేది నాలుగొందలండీ, ఆ నాలుగొందల కోసం నేను నాలుగుసార్లు గోదారి దాటుతానా అన్నాను. ఆయన నవ్వాడు. "నాలుగొందలైనా నాలుగొందలేగదండీ. నాకు మాత్రం రెండు లక్షలండి, ఆయ్."

దానికి జవాబు లేదు. నేను నిజాయితీగానే కట్టాను, కానీ పట్టీ ఆయన పక్షాన మాట్లాడుతోంది. పోనీ గొడవెందుకని, ఫీజు 5,000 ఇవ్వండి చాలు, విలువ మాత్రం మారదు అన్నాను. అది ఇంకా పెద్ద తప్పు. మర్నాడు తమ్ముడి ఫోన్: "ఉన్నట్టుండి ఫీజు తగ్గించారంటండీ? అన్నయ్య ఏమైనా సర్దాడా?"

ఆఖరికి వాళ్ళు నా రిపోర్టునీ వాడలేదు, ఇంకొకరినీ పిలవలేదు. మండువాకి అడ్డంగా ఇటికె గోడ కట్టించేసి చెరో సగం ఉంచుకున్నారు. వాన పడితే నీళ్ళు ఏ సగంలోంచి పోవాలన్నది ఇప్పుడు కొత్త తగువని విన్నాను.

కంపెనీల చట్టం కింద 2017లో వాల్యుయర్లకి వచ్చిన నిబంధనల్లో ప్రవర్తనా నియమావళి ఒకటుంది. ఫీజు దాపరికం లేకుండా ఉండాలి, చేసిన పనికి తగ్గట్టుండాలి, రాసుకున్న ఒప్పందంలో లేనిది పుచ్చుకోకూడదు అంటుంది. ఊళ్ళో ఇళ్ళు చూసుకునే నాబోటి వాడికి అది నేరుగా తగిలేది తక్కువే. కానీ ఆ మండువా తర్వాత "పనికి తగ్గట్టు" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను.

ఇప్పుడు ఇల్లు చూడకముందే ఫోన్లో మూడు సంగతులు అడుగుతాను: దస్తావేజులు ఎన్ని తరాలవి, మధ్యలో ఏరు ఉందా, వాటాదారులు ఎంతమంది. దాన్ని బట్టి ఒకే అంకె చెప్పి, కాగితం మీద రాసి, సంతకం తీసుకుంటాను. విలువ ఎంతొచ్చినా ఆ అంకె మారదు. ఇదీ దోషం లేనిదేం కాదు. మొదట్లో గోదావరి మధ్య ఒక లంక ఊరికి 2,500 అని చెప్పేశాను. మెరక తోలిన స్థలం కదా అని వెళ్తే సగమే మెరక, సగం పల్లం, మళ్ళీ లెవెల్స్ చూడాల్సొచ్చింది. ఆ రెండో ప్రయాణం నా జేబులోంచే. అప్పట్నించి "రెండోసారి రావలసొస్తే ఇంత" అని కింద ఒక వరస చేర్చాను. ఆ వరస చూసి మొహం చిట్లించేవాళ్ళు ఉన్నారు. ఫ్లాట్లవాళ్ళకి మాత్రం ఫీజు సగానికి సగం తగ్గింది. వాళ్ళ ఆనందం నా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

అందరూ పట్టీ చింపేయండని నేను చెప్పలేను. మా ఆవిడది టీచరు ఉద్యోగం, ఇల్లు సొంతం, నేను ఒక్క బ్యాంకు ప్యానెల్లోనే ఉన్నాను, అక్కడి ఫీజు బ్యాంకే చెబుతుంది. నెలకి రెండు ఫ్లాట్ల మీద బతికే కొత్తవాడికి ఈ లెక్క కుదురుతుందో లేదో. జిరాక్సులు పుచ్చుకున్న ఆ ఇద్దరు కుర్రాళ్ళలో ఒకతను ఇంకా పట్టీయే వాడుతున్నాడు, సంపాదన నాకన్నా మెరుగు. అన్నదమ్ముల పంపకాలు మాత్రం నా దగ్గరికి పంపుతాడు.

పట్టీ పారెయ్యలేదు. గోడ మీంచి తీసి బీరువా తలుపు లోపల అంటించాను. అరవై లక్షల ఫ్లాటు వచ్చినప్పుడల్లా ఆ తలుపు ఒకసారి తెరిచి చూస్తాను.