సైకిలుకు మోటారు కిట్టు: కిట్టు మంచిదే, బిగింపు బాగాలేదు

హన్మకొండలోని ఒక దుకాణంలో నా పాత సైకిలు వెనుక చక్రానికి బిగించిన 36 వోల్టుల, 250 వాట్ల హబ్ మోటారు కిట్టు వల్ల కాజీపేట వంతెనను ఆయాసం లేకుండా ఎక్కగలుగుతున్నాను. అయితే పదో రోజున యాక్సిలరేటరు తిప్పితే చక్రం ముందుకు కదలక గడగడ వణికింది. దుకాణంవారు మోటారే మార్చాలన్నారు కానీ, మోటారు ఏ స్థితిలో తిరుగుతోందో కంట్రోలరుకు తెలిపే హాల్ సెన్సారు ప్లగ్గు విప్పి చూస్తే పసుపు తీగ పిన్ను వెనక్కి జారి, కొనకు పచ్చటి చిలుము పట్టి ఉంది. చిలుము గీకి, పిన్నును లోపలికి నొక్కి, బ్యాటరీ ఆన్ చేసి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పగా, మూడు సిగ్నల్ తీగల్లోనూ మల్టీమీటరు ముల్లు సున్నాకూ 5 వోల్టులకూ మధ్య మారింది; అంటే సెన్సార్లు బాగానే ఉన్నాయి. ఇరుసు గాడిలో తిరిగి తీగలు తెగకుండా ఆపే టార్క్ ఆర్మ్‌ను వారు అసలు వేయనే లేదు. దాన్ని అడిగి మరీ వేయించుకోండి.